జ్వరం దిగిన రోజు

లూసియా ఆ పొద్దున ఇడ్లీలకు కిందికి రాలేదు.

మా డాబా మీది గదిలో దిగినప్పటి నుంచి ఆ పిల్ల ఒక్క పూట ఆలస్యం చేసింది లేదు. ముందు మెట్ల మీద చెప్పుల చప్పుడు, వెనకే "అవ్వా, ఇడ్లీ?" అనే కేక. ఆ రోజు పళ్ళెం పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. ఎండ అంత కాస్తుంటే ఫ్యాను ఆపేసి, దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుని ఉంది. "వద్దు అవ్వా" అంది. అప్పటిదాకా ఆమె నోట 'వద్దు' అన్న మాట నేను వినలేదు. మేం ఏది చెప్పినా 'సెరి' అనేది. మా ఇంట్లో సరేకు అలాగే అంటాం, అది పట్టేసింది. నుదురు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది.

మాది మద్రాసు సౌకార్‌పేటలో పాత ఇల్లు. కింద స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు, పైన మేము. డాబా మీది గదిని నా కోడలు జ్యోతి ఫోనులో ఏదో యాప్‌లో పెట్టి, ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇస్తుంది. లూసియాది అర్జెంటీనా. ఇరవై మూడేళ్ళ పిల్ల. తన ఎత్తులో సగం ఉండే సంచీ వీపున వేసుకుని ఎనిమిది నెలలు ఒంటరిగా దేశాలు తిరిగింది. ఇంటికి పోయే విమానం మద్రాసులో ఎక్కాలి కాబట్టి చివరి రోజులకు మా దగ్గరికి వచ్చింది. అమ్మకు గాజులు కొనడం, మహాబలిపురంలో సముద్రం చూడడం, ఇక ఈ రెండే తనకు మిగిలిన పనులు.

కళ్ళ వెనక నొప్పి అని వేలితో చూపించింది. జ్యోతి ఆఫీసుకు లీవు పెట్టి వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్ళింది. రక్తం పరీక్షలో డెంగీ అని వచ్చింది. డాక్టరు పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర ఏదీ వేసుకోవద్దన్నారు. నీళ్ళు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగుతూనే ఉండాలన్నారు. రోజూ వచ్చి ప్లేట్‌లెట్స్ చూపించుకోమన్నారు. అన్నిటికీ లూసియా తలూపింది.

"తలూపింది గదా అని నమ్మద్దత్తా," అంది జ్యోతి. "ఆ పిల్లకి నువ్వు తిట్టినా సెరి, దీవించినా సెరి."

నేను గంటకోసారి పైకెళ్ళి ఎదురుగా కూర్చుని తాగించాను. మజ్జిగ అయితే తాగేది. ఓఆర్‌ఎస్ చూస్తే మొహం అటు తిప్పేసేది. "ఏందే ఈ యేషాలు, ఎనిమిది నెలలు ఊరూరా ఏమేమి తాగినావో, ఇది గొంతు దిగదా?" అంటే అర్థం కాకపోయినా నవ్వేది. మూడు రోజులు పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాం. ప్లేట్‌లెట్స్ తగ్గుతున్నాయి గానీ భయం లేదన్నారు.

ఆ మర్నాడు జ్వరం దిగిపోయింది.

ఒళ్ళు చల్లగా ఉంది. లేచి కూర్చుంది. సంచీలోంచి బట్టలు తీసి మడతలు పెడుతోంది. నాకు గుండె మీది బరువు దించినట్టయింది. మా ఇళ్ళల్లో జ్వరం విడిచిందంటే వేపాకు వేసి కాచిన నీళ్ళు తలకు పోస్తారు, ఆ తర్వాత మిరియాల చారుతో అన్నం పెడతారు. నీళ్ళు పోస్తేగానీ జబ్బు గడప దాటినట్టు కాదు. మా అత్త నాకు అలాగే పోసింది, నేను నా పిల్లలకు అలాగే పోశాను.

జ్యోతి ఆఫీసుకు పోతూ అడిగింది. "అత్తా, బ్లడ్ టెస్టుకి పోవాల గదా ఈ పొద్దు?"

"జ్వరమే లేనిదానికి ఇంకా సూదులెందుకే? పిల్ల చేతులు చూడు, ఎట్ల కమిలిపోయినాయో. ఈడనే నీళ్ళు పోసి పడుకోబెడతా."

లూసియాను కూడా అడిగాం. "నో క్లినిక్. సముద్రం!" అంది. ఎల్లుండి విమానం. ఇద్దరం ఒక మాట మీదే ఉన్నాం.

కాచిన నీళ్ళలో చన్నీళ్ళు కలిపి తొరిపి, పీట మీద కూర్చోబెట్టి, మొదటి చెంబు భుజాల మీద పోశాను. వేడి నీళ్ళు జారిపోతున్నాయి గానీ నా చేతి కింద ఒళ్ళు మాత్రం చల్లగానే ఉంది. మామూలు చల్లదనం కాదది, బండ మీద చేయి పెట్టినట్టుంది. "అవ్వా" అని పొట్ట పట్టుకుని ముందుకు వంగింది. పుక్కిలించి ఉమ్మితే ఎర్రగా పడింది. రెండో చెంబు పోయలేదు. తడి తల మీదే నా చీర కొంగు కప్పి, కొట్లో ఉన్న మా ఆయన్ని కేకేశాను. ఆటోలో పెద్దాసుపత్రికి పోయేసరికి ఆ పిల్ల నా భుజం మీద వాలిపోయి ఉంది. ఎంత పిలిచినా సెరి అనడం లేదు.

అక్కడి డాక్టరమ్మ తమిళంలో చెప్పిన మాటలు నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. "జ్వరం ఎప్పుడు తగ్గింది?" అని అడిగింది. పొద్దున్నే అన్నాను, ఇంకా అది మంచి వార్తే అనుకుంటూ. "డెంగీలో మేము భయపడేది అప్పుడేనమ్మా. జ్వరం దిగాక రెండు రోజులు క్రిటికల్ ఫేజ్. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది, బీపీ పడిపోతుంది. పొట్ట నొప్పి, వాంతులు, చేతులు చల్లబడడం, చిగుళ్ళ నెత్తురు, ఇవన్నీ వార్నింగ్ సైన్స్." అప్పటికే రెండో చేతికి కూడా డ్రిప్ పెడుతున్నారు.

నర్సు నన్నడిగింది. "మీరు పేషెంటుకు ఏమవుతారు?"

"అవ్వని."

ఆమె లూసియా రాగి రంగు జుట్టు చూసింది, నన్ను చూసింది. "ఏ వైపు అవ్వ?" అంది. ఆ స్థితిలోనూ నాకు నవ్వు వచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

మర్నాడు ఇంకా కష్టమైంది. ఊపిరి ఎగపోసుకుంటోంది. స్కాన్ తీసి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని ఐసీయూకు మార్చారు. మా పక్కింటావిడ బొప్పాయి ఆకు పసరు సీసాతో వచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూసి, "నీళ్ళే కడుపులో నిలవడం లేదు, పసరు పోస్తారా?" అని సీసాతో సహా బయటికి పంపింది. ప్లేట్‌లెట్స్ ఎక్కించరా అని జ్యోతి అడిగితే, నెత్తురు పోవడం ఆగింది కాబట్టి అవసరం లేదని, ఆ అంకె కంటే బీపీ, ఒంటేలు సరిగా ఉన్నాయా అన్నదే ఇప్పుడు ముఖ్యమని చెప్పింది.

జ్యోతి కబురు చేసినప్పటి నుంచి లూసియా అమ్మ అక్కడ వీసా కోసం తిరుగుతోంది. జ్యోతి ఫోనులో వీడియో కలిపి నా చేతికిచ్చింది. ఐసీయూలోకి ఒక్కరినే పోనిస్తారు. లూసియా నిద్రలో ఉంది. వాళ్ళ అమ్మకు స్పానిష్ తప్ప రాదు, నాకు తెలుగూ తమిళమే. నేను ఫోను బిడ్డ వైపు తిప్పాను. ఆ తల్లి తన నుదుటి మీద తన చెయ్యి పెట్టుకుని, వెనక్కి జుట్టులోకి మెల్లగా దువ్వుకుంది. మళ్ళీ అలాగే చేసింది. అప్పుడు తెలిసింది. ఫోను ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి లూసియా నుదుటి మీద పెట్టి, ఆమె చూపినట్టే దువ్వాను. నేను వేగంగా దువ్వితే ఆమె తల అడ్డంగా ఊపి, ఇంకా మెల్లగా చేసి చూపించింది. అలా ఇద్దరం నర్సు వచ్చి చాలనేదాకా ఆ పిల్లను జోకొట్టాం.

బీపీ నిలబడింది. ఊపిరి కుదుటపడింది. కాళ్ళ మీద ఎర్రగా పేలి, దురదలు మొదలైతే నేను మళ్ళీ హడలిపోయాను. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "ఇది మంచిదేనమ్మా. రికవరీ రాష్. ఇక ప్లేట్‌లెట్స్ పెరుగుతాయి." ఆ సాయంత్రం లూసియా కళ్ళు తెరిచి ఆసుపత్రి ఇడ్లీ ఒక ముక్క తిని, "అవ్వా, ఇది బండ" అంది. జ్యోతి అంది, "పిల్లకి నయమైపోయింది. నోరు లేచింది."

విమానం పోయింది. టికెట్టు మార్చుకుని ఇంకో రెండు వారాలు మా దగ్గరే ఉంది. మెట్లు ఎక్కే ఓపిక లేదు కాబట్టి కింద నా మంచం పక్కనే. అంత దూరాలు నడిచిన పిల్ల, బాత్‌రూముకు పోయి వచ్చి రొప్పేది. అందుకు సిగ్గుపడేది. "దేశాలన్నీ నడిచినావు గదా, ఈ నడవా మాత్రం నన్ను పట్టుకునే నడువు" అంటే నా భుజం పట్టుకునేది. అరవై దాటాక జ్యోతి దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని, నేను కూడబలుక్కుని తెలుగు పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని తనూ వేలు పెట్టేది. ఒక పేరా అయ్యేసరికి ఇద్దరికీ కునుకు వచ్చేది. సముద్రానికి పంపడానికి డాక్టరు ఒప్పుకోలేదు. విమానం కిటికీలోంచి చూసి ఫోటో తీసి పంపింది. గాజులు మాత్రం నేనే బజారుకు పోయి కొని, గుడ్డ చుట్టి సంచీలో పెట్టాను.

ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒక బేకరీలో పని చేస్తోంది. ఇంటికి వెళ్ళిన కొన్నాళ్ళకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిందట. పెద్ద జ్వరం తర్వాత అలా జరుగుతుంది, మళ్ళీ వస్తుందన్నారట అక్కడి డాక్టరు. వచ్చింది. కీళ్ళ నొప్పులు మాత్రం చాలా నెలలు ఉన్నాయి.

పోయిన వానల్లో మా జ్యోతికి డెంగీ వచ్చింది. జ్వరం తగ్గిన పొద్దున తల దువ్వుకుని, ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకుంది. నేను ఆటోను గుమ్మం ముందు నిలబెట్టాను.

"ఎక్కడికత్తా? జ్వరమే లేదు గదా నాకు!"

"లేదు గనకనే. ఎక్కు."

దారంతా సణిగింది. రక్తం చూసి, ఆ పూటే పడుకోబెట్టి డ్రిప్ పెట్టారు. రెండో రోజుకే ఇంటికి వచ్చేసింది, ఐసీయూ అన్న మాటే రాలేదు. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా డెంగీ జ్వరం దిగితే, ఆ పొద్దున నీళ్ళు కాచకండి. ముందు మళ్ళీ రక్తం చూపించండి. ఆ రెండు రోజులూ పని మానుకుని వాళ్ళ పక్కన కూర్చోండి, గంటకోసారి చెయ్యి పట్టుకుని చూడండి. చల్లబడితే లేచి పరుగెత్తండి.