రోజూ మా సోఫా మీద చనిపోయిన నటుడు

పక్కింటి తాతగారు పోయారని వార్డుకు ఫోన్ వచ్చినప్పుడు, నేను కొత్తగా చేరిన ఒక పెద్దావిడ బెడ్ దగ్గర నిలబడి నా పేరు చెబుతున్నాను. గట్టిగా చెబుతున్నాను. అలా చెప్పడం నేర్పింది ఆయనే.

"పొద్దున టీ తాగుతా తాగుతా పోయారంట. కప్పు కూడా ఒలకలేదంట," అంది ఫోన్లో, నాతో ఇల్లు పంచుకునే భీమవరం అక్క. నేను తిరిగి బెడ్ దగ్గరకు వెళ్ళి, ఆపిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. ఒకప్పుడు ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో సినిమా హాళ్ళ ముందు ఆయన బొమ్మ మేడంత ఎత్తున ఉండేదట. ఇంగ్లండ్‌లోని ఈ నార్తాంప్టన్‌లో మా వీధికి మాత్రం ఆయన ఊలు టోపీ పెట్టుకుని, ఈ వారం ఏ రంగు చెత్త బిన్ బయట పెట్టాలో అడిగే ముసలాయన. కూతురు మా హాస్పిటల్లోనే నర్సు. ఆమె స్నేహితులంతా ఆయన్ను ‘లోలో’ అనేవారు. వాళ్ళ భాషలో తాత అని. నేనూ అలాగే పిలిచాను.

నాకు సిగ్గు ఎక్కువ. గుంటూరులో మా కాన్వెంట్‌లో అల్లరి చెయ్యని పిల్లకు ఏటా ఒక పుస్తకం బహుమతి ఇచ్చేవారు. మా ఇంట్లో ఒక అర నిండా ఆ పుస్తకాలే. ఆ నిశ్శబ్దం ఇక్కడ నా మెడకు చుట్టుకుంది. మన దేశంలో చదివిన నర్సు ఇక్కడ నర్సు కావాలంటే ఒక ప్రాక్టికల్ పరీక్ష రాయాలి. రాయాలి అన్నానే గాని అందులో రాసేది తక్కువ. నటులు పేషెంట్లుగా పడుకుని ఉంటారు. మనం చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ చెయ్యాలి. నా చేతులు అన్నీ సరిగ్గానే చేశాయి. నోరే పెగల్లేదు. రెండుసార్లు తప్పాను. మూడోది ఆఖరు. అదీ తప్పితే ఉద్యోగం ఉండదు, వీసా ఉండదు, నేను ఇంటికి వెళ్ళిపోవాలి.

"ఏంటే తల్లీ, నీ గొంతు ఆ కెటిల్ దాకా కూడా రావట్లేదు. ఎగ్జామినర్ వచ్చి నీ నోటి దగ్గర చెవి పెడతాడనుకున్నావా?" అని అక్క రోజూ తిట్టేది. చివరికి పెరటి కంచె మీదుగా తాతగారి కూతురికి నా సంగతంతా చెప్పేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మా తలుపు కొట్టారు. కూతురికి నైట్ డ్యూటీలు. పగలు ఆమె పడుకుంటే ఆయన ఇంట్లో చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి.

"ఇక్కడ ఎవరో నటుడు కావాలన్నారట," అన్నారు టోపీ తీసి, మొదటి వేషం కోసం వచ్చినవాడిలా వినయంగా.

మా సోఫా మీద పడుకుని కళ్ళు మూసుకున్నారు. అంతే. ముఖం కుంగిపోయింది. పెదవులు పాలిపోయాయి. ఆ రంగు ఎక్కడి నుంచి తెప్పించారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నిజంగానే భయపడి నాడి పట్టుకున్నాను. నా పేరు గొణిగాను. ఆయన పలకలేదు. చెయ్యి ఒకసారి గాలిలోకి లేచి, ఏదో వెతికి, జారిపోయింది. ఛాతీ ఆగింది. వంటింట్లోంచి తొంగి చూసిన అక్క కెవ్వుమంది.

అప్పుడు ఆయన ఒక్క కన్ను తెరిచారు.

"నీ పేరు నాకు వినపడలేదు. అందుకే చనిపోయాను."

"అంకుల్, ఇట్టాంటివి మా ఇంట్లో పెట్టుకోకండి. నా గుండె ఆగితే ఎవరు చూస్తారు?" అంది అక్క.

"ఈ అమ్మాయి చూస్తుంది. కాకపోతే ఎవరు చూస్తున్నారో నీకు తెలియదు."

అదీ మా పద్ధతి. నా మాట వినపడకపోతే ఆయన చనిపోయేవారు. కత్తి దెబ్బకు, తుపాకీ గుండుకు, విషానికి, ఒకసారి ఉత్త దిగులుకు. రోజుకొక చావు. ఏదీ రెండోసారి రాలేదు. మధ్యమధ్య టీ తాగుతూ ఆ చావు ఏ సినిమాలోదో చెప్పేవారు. ఆయన ఒక జాలరి కొడుకు. స్టూడియోలో గుర్రాలు కడిగే పనికి చేరారు. ఒకరోజు హీరో గుర్రం మీద నుంచి పడనంటే, ఆయన బదులు ఈయన పడ్డారు. పడిన తీరు చూసి వేషం ఇచ్చారు. దొంగ, ఆ తర్వాత హీరో, ఆ తర్వాత హీరోయిన్ తండ్రి. స్టూడియో మూతపడే వరకూ ఏదో ఒక వేషం.

"చావడం తేలిక. చచ్చి పడి ఉండటమే కష్టం. కెమెరా ఛాతీనే చూస్తుంది," అనేవారు.

ఆ సినిమాల్లో చాలా వరకు ఇప్పుడు లేవు. ఆ దేశపు వేడికి, తేమకు రీళ్ళు పాడైపోయాయి. పాడయ్యే రీలు వెనిగర్ వాసన వేస్తుందట. వాళ్ళ కూరల్లో వెనిగర్ ఎక్కువ. కూతురు పొయ్యి వెలిగించినప్పుడల్లా "ఇవాళ నా ఏ సినిమా వండుతున్నావు?" అని అడిగేవారు. ఆమె నవ్వేది కాదు.

ఒకసారి ఆమె, ఆయన చేసిన ఒక సినిమాలో మిగిలిన నాలుగు నిమిషాల ముక్క ఫోన్లో చూపించింది. నలుపు తెలుపు. వానలో ఒక యువకుడు తల్లి ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళడు. ఒక్క మాటా లేదు. ఆ వీపు చూసి నేనూ అక్కా ఏడ్చాం. తాతగారు ఫోన్ వైపు చూడలేదు. మా ముఖాలే చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజు ధైర్యం చేసి అడిగాను. "లోలో, సిగ్గు ఎలా పోతుంది?"

"నాది పోలేదు. నీదెందుకు పోవాలి? నీ సిగ్గు సంగతి మంచం మీద ఉన్నవాడికి అనవసరం. తనను చూసేది ఎవరో తెలిస్తే చాలు వాడికి. నీ పేరు హాల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి చెప్పు. చెప్పాక ఆగు. జవాబు వచ్చేదాకా ఆగు."

పరీక్షకు ముందు రోజు ఆయన ఒక్కసారి కూడా చనిపోలేదు.

పాసయ్యానని ఫోన్లో చూసుకున్నాక నేను మొదట పరిగెత్తింది పక్కింటికే. ఆయన మార్కులు అడగలేదు. "పేషెంటు ఎలా చేశాడు?" అన్నారు.

"బాగానే చేశాడు. దగ్గు మాత్రం మరీ ఎక్కువ చేశాడు."

"కుర్రాళ్ళంతా అంతే," అన్నారు, తన శిష్యుడి గురించి విన్నంత గంభీరంగా.

అంత్యక్రియల ముందు రోజు చర్చి హాల్లో ఆయన్ను తెల్లని చొక్కాలో పడుకోబెట్టారు. వాళ్ళు జపమాల చెబుతుంటే నేనూ కలిశాను. మా ఇంట్లో చెప్పం గాని, కాన్వెంట్‌లో నేర్చుకున్నది మర్చిపోలేదు. జపం సాగినంత సేపూ నేను ఆయన ముఖం చూడలేకపోయాను. ఛాతీనే చూశాను. అంత నిశ్చలంగా ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

బయటికి వస్తుంటే కూతురు అందరికీ చెప్పింది. ఇక్కడి నుంచి నేరుగా ఇంటికి వెళ్ళకూడదట. మధ్యలో ఎక్కడైనా ఆగాలి. లేకపోతే పోయినవారు మన వెంట మన ఇంటికి వచ్చేస్తారని వాళ్ళ నమ్మకం. అందరూ మూల మీది టేక్‌అవే తిండి కొట్టుకి నడిచారు.

"రావే, చిప్స్ తిని పోదాం," అంది అక్క.

"నువ్వు వెళ్ళు," అన్నాను.

నేను ఎక్కడా ఆగలేదు. నేరుగా ఇంటికి వచ్చి, తలుపు బార్లా తెరిచి ఉంచాను. కోటు విప్పలేదు. సోఫా ముందు నిలబడి, చివరి వరసకు వినపడేలా నా పేరు చెప్పాను.

చెప్పి, ఆగాను.