వాడికి వినపడలేదని నాకు తెలుసు

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కోయిలకుంట్ల దగ్గర మాది పిండిమర. నాయన పోయాక మర నేను చూసుకున్నాను, తమ్ముడు ఆనంద్ మిలిటరీకి పోయాడు. మర మోతలోనే పెరిగినవాళ్ళం. పెదవులు చూసి, చేత్తో సైగ చేసి మాట్లాడుకోవడం మాకు మామూలు. అందుకే వాడికి వినికిడి తగ్గిందని ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. ఆఖరుసారి సెలవుకు వచ్చినప్పుడు, నేను మర ఆపి అరిగిన రాళ్ళకు ఉలితో గంట్లు కొడుతుంటే, వాడే చెప్పాడు.

“అన్నా, ఎడమ చెవి శానా మందమైపోయినాది. వెనకనుంచి పిలిస్తే తెలీడంల్యా. పోయి డాక్టరుకు చెప్పేస్తా. ఇంటికి పంపిస్తే ఈడనే నీతోపాటు మర చూసుకుంటా.”

“వచ్చి ఏం పొడుస్తావురా? ఈ మర ఇద్దరికి కూడు పెట్టదు. ఎవురికీ చెప్పాకు, గమ్మున పో.”

“అట్లనేలే అన్నా” అన్నాడు. పోయాడు.

మర ఇద్దరికి చాలదన్నది నిజమేనా? ఏమో. వాడు సెలవుకు వస్తే ఊళ్ళో అందరూ లేచి పలకరించేవాళ్ళు, నా తలమీద పిండి తప్ప నాకేముంది, వాడు ఈ మరలో కూడా వచ్చి కూర్చుంటే ఇక నేనెవరిని అని ఆ క్షణంలో అనుకున్నానా లేదా అని ఎన్నిసార్లు తవ్వుకున్నా, అనుకున్నాననే తేలుతోంది. కుళ్ళు. ఇంకేం కాదు.

ఆరు నెలలు తిరక్కుండానే శవపేటిక వచ్చింది. కొండల్లో క్యాంపు దగ్గర, వెనక్కి వస్తున్న లారీ కింద పడ్డాడట. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడని, వీడు తిరిగి చూడలేదని, పేటికతో వచ్చిన సిపాయి చెప్పాడు. “ఏం ఆలోచనలో ఉన్న్యాడో నా బిడ్డ” అని అమ్మ ఏడ్చింది. ఆలోచన కాదని నాకొక్కడికే తెలుసు.

ఏటా చర్చిలో వాడి జ్ఞాపకార్థ కూటం పెడతారు. పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమంటారు. తమ్ముడు సంతోషంగా తిరిగి వెళ్ళాడని లేచి చెబుతాను. జనం ఆమెన్ అంటారు. ఎక్కడికైనా పోదామంటే అమ్మ రాదు, వాడి సమాధి ఇక్కడే ఉంది. వాడి మీద గౌరవంతో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా జొన్నలు మా మరకే తెస్తున్నారు. అది ఇప్పుడు నలుగురికైనా కూడు పెట్టగలదు.

మొన్న అమ్మ అడిగింది, “పొయ్యేముందు వాడు నీకేమన్నా చెప్పినాడా నాయనా?” అని. లేదమ్మా అన్నాను.

చెప్పాడు. ఇంటికి వస్తానన్నాడు. నేనే వద్దన్నాను.

ఇదిగో, రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఈ కాగితం దాచను, బల్లమీదే పెడతాను. అమ్మకు చదవడం రాదు.