గంగప్ప చదివిన పదకొండు పేర్లు

దయ్యాల గురించి చాలానే చదివాను. ఏ దేశపు దయ్యమైనా పాడుపడ్డ కొంపలోనో శ్మశానం పక్కనో తిరుగుతుందనే రాశారు. పట్టపగలు తొమ్మిది గంటలకు, వేల టమాటా క్రేట్ల నడుమ, లారీ హారన్ల మోతలో వచ్చే దయ్యం గురించి ఎవరూ రాయలేదు. అది ఉందని నాకు మదనపల్లె మార్కెట్ యార్డులో, గంగప్ప పక్కన నిలబడ్డాక తెలిసింది.

ఊళ్ళు తిరగడం మానలేని మనిషిని. మదనపల్లెకు వారం రోజులని వచ్చి, చల్లగాలికి అలవాటుపడి, మార్కెట్ దగ్గరి లాడ్జిలో మూడు నెలలున్నాను. గంగప్పకు అరవై దాటాయి. ఒక మండీలో వేలం పాడతాడు. రైతు తెచ్చిన సరుకు ముందు నిలబడి ధర పలుకుతాడు. కొనేవాళ్ళ కనురెప్పలూ వేళ్ళూ చూసుకుంటూ పెంచుకుపోతాడు. ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’తో ముగిస్తాడు. మూడోసారి అన్నాక ఆకాశం విరిగిపడ్డా ఆ ధర మారదు. నేను పొగాకు వేలాలు చూశాను, రేవుల్లో చేపల వేలాలు చూశాను. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని నోరు మెదపకుండా బేరం ముగించేవాళ్ళనూ చూశాను. అన్నిచోట్లా ఒకటే రహస్యం. సరుకు కంటే ముందు మాట నిలబడాలి.

అయితే గంగప్ప పాటలో ఒక వింత ఉంది. రెండోసారి అన్నాక చప్పున ఆగిపోతాడు. రెండు ఊపిరులంత సేపు ఎవరికోసమో చూస్తున్నట్టు పక్కకు తిరిగి, అప్పుడు గాని మూడోసారి అనడు. ఆ సందులో ఎవరో ఒకరు ధర ఇంకొంచెం పెంచేస్తారు. అదంతా ఆయన నేర్పు అని రైతులు మురిసిపోతారు. తంబళ్లపల్లె నుంచి వచ్చేవాళ్ళు కూడా ఆయన మండీకే సరుకు దింపుతారు.

ఆ రోజుల్లోనే మన దేశపు ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్‌ను వెతుకుతున్నారని పేపర్లో పడింది. ఈ ప్రాంతంలో బంతి అంటే క్రికెట్ బంతే. కానీ మార్కెట్ వెనక శారదమ్మ టీ అంగట్లో మాత్రం ఫుట్‌బాల్ మాటలు నడిచేవి. ఒకప్పుడు మార్కెట్ కూలీలూ డ్రైవర్లూ కలిసి ఒక జట్టుగా ఆడేవారట. దాన్ని పెట్టింది గంగప్పే. చిన్నప్పుడు ఆయన మేనమామ కుప్పం అవతల బంగారు గనుల్లో పనిచేసేవాడు. వేసవి సెలవులకు గంగప్ప అక్కడికి పోయి ఈ ఆట నేర్చుకొచ్చాడు.

వేలం అయిపోయి, పదకొండు గంటల వేళ టీ తాగుతున్నాం. లారీ నడిపే చంద్రశేఖర్ పేపరు మడిచి తొడ మీద కొట్టాడు.

“యూరపోడే రావల్ల. మనోళ్ళకు మనోడు సెప్తే యింటారాప్పా?”

మండీ గుమాస్తా బాలాజీ ఒప్పుకోలేదు. “యూరపోడొచ్చి ఏం సేస్తాడు? మన ఎండ సూసి మూడు నెల్లకు పెట్టె సర్దుకుంటాడు. మనోడైతే పిల్లోళ్ళు యాడ నుంచి వచ్చినారో, ఏం తిని వచ్చినారో తెలిసుంటాది.”

“నువ్వు సెప్తాండావా? నువ్వాడిందంతా బెంచీ మిందనే గదా.”

“బెంచీ మింద కూసున్నోడికే ఆట బాగా కనపడతాదిలే.”

“ఇద్దురూ సరే గానీ, తాగిన గ్లాసులు ఈడ పెట్టి పోండి. కోచొచ్చి కడగడు,” అంది శారదమ్మ.

నవ్వులయ్యాక చంద్రశేఖర్‌కు ఒక ఉపాయం తోచింది. కోచ్‌లను వేలం పాడదాం, ఎక్కువ చేతులు లేచినవాడే కోచ్. “గంగప్పన్నా, నువ్వు పాడు,” అన్నాడు.

గంగప్ప గ్లాసు కింద పెట్టి లేచాడు. స్పెయిన్ సరుకు చూడండప్పా, గట్టి కాయ, దూరం పోయినా చెడదు అన్నాడు. మనూరి కాయ చూడండి, చిన్నదే గానీ రుచి ఉంది అన్నాడు. అంగడంతా పగలబడి నవ్వుతోంది. చివరికి మనవాడి వైపే చేతులు లేచాయి.

“ఒకటోసారి. రెండోసారి.”

ఆగాడు. ఎప్పటిలా పక్కకు తిరిగాడు.

బాలాజీ ఉత్సాహం పట్టలేక అన్నాడు. “వీళ్ళందరూ యాల? మన గంగప్పన్ననే పంపిస్తాం. పేరు సదివినాడంటే ఇంక మార్సడు. కోచంటే అట్లుండల్ల.”

గంగప్ప మూడోసారి అనలేదు. కండువా దులుపుకుని అంగట్లోంచి బయటికి నడిచాడు. మిగతావాళ్ళు అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. నేను వెనకే వెళ్ళాను. పుంగనూరు బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు.

“వస్తావా సామీ? ఒగరింటికి పోవల్ల. ఒగడినే పోయేదానికి ధైర్యం సాలడంలేదు.”

దారి పొడుగునా చెప్పాడు. పదిహేనేళ్ళ కిందట కుప్పంలో ఒక టోర్నమెంటు ఫైనలు. ఆట ముందు జట్టును వరసగా నిలబెట్టి పదకొండు పేర్లూ వేలం గొంతుతో చదవడం ఆయనకు అలవాటు. అది వినడానికే జనం మూగేవారు. చదివిన పేరు మార్చడం ఉండదు. మండీలో పెట్టుకున్న నియమమే మైదానంలోనూ పెట్టుకున్నాడు. ఎనిమిదో పేరు సురేంద్ర. ఇరవై నాలుగేళ్ళ వాడు, టమాటా లారీ డ్రైవరు. మద్రాసులో సరుకు దింపి, కన్ను మూయకుండా లారీ తోలుకుని నేరుగా మైదానానికి వచ్చాడు. సీజన్లో నిద్రలేకపోవడాన్ని మార్కెట్ మనుషులు జబ్బుల్లో లెక్కవేయరు. పేర్లు చదివాక వాడు గంగప్ప పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, “మామా, తల తిరగతాండాది. ఈ ఆటకు నన్ను తీసెయ్,” అన్నాడు.

“పేరు సదివేసినా గదప్పా. సగం ఆట ఆడు, సూస్తాం,” అన్నాడు గంగప్ప.

వాడి బదులు దిగడానికి బాలాజీ అక్కడే బూట్లు కట్టుకుని కూచుని ఉన్నాడు. సగం ఆటప్పటికి మార్కెట్ జట్టు ఒక గోలు ముందుంది. గంగప్ప మార్చలేదు. మే నెల ఎండ. ఆట ఇంకో పావుగంట ఉందనగా సురేంద్ర మైదానం మధ్యలో కూలిపోయాడు. ఆస్పత్రి చేరకముందే ప్రాణం పోయింది.

“రెండోసారి అన్నాక ఎవురో వచ్చి పక్కన నిలబడతారు సామీ. ఎండ కాసినా వస్తాడు, మబ్బేసినా వస్తాడు. ఏమన్నా అంటాడేమోనని ఆగతాను. ఏమీ అనడు.”

సురేంద్ర అలా అడిగాడన్న సంగతి ఎవరికీ తెలియదు. వాడి తల్లి కుప్పమ్మకు కూడా. ఆమె పుంగనూరులో ఉంది. నెలకోసారి గంగప్ప వెళ్తాడు. నా కొడుకు నీ చేతుల్లో పోయినాడు, ఒంటరిగా పోలేదు అని ఆమె ప్రతిసారీ అంటుంది. అన్నం పెట్టి పంపుతుంది.

పుంగనూరు పేరు చెబితే లోకానికి పొట్టి ఆవులు గుర్తొస్తాయి. ఆ ఆవులు ఇప్పుడు ఎక్కువగా పెద్దవాళ్ళ బంగళాల్లో ముద్దుగా పెరుగుతున్నాయి. కుప్పమ్మ వాకిట్లో ఉన్నది జెర్సీ ఆవు. డెబ్బై ఏళ్ళ మనిషి, రెండు పూటలా తనే పాలు పిండి డైరీకి పోస్తుంది. మమ్మల్ని చూసి అడగకుండానే రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి పెట్టింది.

గంగప్ప చెయ్యి కడుక్కున్నాడు గాని పళ్ళెం ముట్టలేదు. తలెత్తకుండా అంతా చెప్పేశాడు. ముందు వాడన్న మాట, తర్వాత తనన్న మాట.

బయట ఆవు గిట్ట మార్చిన చప్పుడు వినిపించింది.

“యాలప్పా ఇప్పుడు సెప్తాండావు?”

“సెప్పకుండా ఉండలేక, అక్కా.”

“పదైదేండ్లు ఉండినావు గదా.”

కుప్పమ్మ పీట లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

“వాడు అన్నిందేందో మళ్ళీ సెప్పు. నీ మాట వద్దు. వాడిది సెప్పు.”

చెప్పాడు. ఆమె పెదవులు కదిపి ఆ మాటను లోపల అనుకుంది. కొడుకు చివరిగా ఏమన్నాడో ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదు. తెచ్చినవాళ్ళు శవాన్నే తెచ్చారు.

“నేను వండింది తిన్నన్ని దినాలూ ఈ మాట నీ నోట్లోనే ఉండిందే.”

పళ్ళెం తీసుకుని లేచింది. సంగటి ముద్ద కుడితి తొట్టిలో వేసి, పళ్ళెం కడిగి గోడకు బోర్లించింది. గొంతు పెంచలేదు. ఆమె అరిచి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

“ఇంక రావద్దా, అక్కా?” అన్నాడు గంగప్ప గడపలో.

“వచ్చే నెల రా. తినేదానికి గాదు. ఆ దినం మొదట్నుంచి సెప్పేదానికి.”

దేశానికి కొత్త కోచ్ వచ్చాడు. శారదమ్మ అంగట్లో ఆ తగువు తీరి, జట్టు ఓడిన మర్నాడే మళ్ళీ మొదలైంది. గంగప్ప అందులో కలుగజేసుకోడు. నెలనెలా పుంగనూరు పోతాడు. మరో రెండుసార్లు నేనూ వెళ్ళాను. కుప్పమ్మ మెట్టు మీద కూర్చుంటుంది, ఆయన వాకిట్లో నిలబడి చెబుతాడు. లారీ ఎన్ని గంటలకు ఆగింది, వాడు ఏ చొక్కా వేసుకుని దిగాడు, దిగంగానే నీళ్ళు ఎవరిచ్చారు, అన్నీ అడుగుతుంది. ఒకసారి ఆయన నీలం చొక్కా అంటే, కాదు, నీలంది ఇంట్లోనే ఉండింది, బాగా గుర్తు చేసుకోమంది. ఆయన కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుని, చారలది అన్నాడు. ఆమె తల ఊపింది.

అట్లా చెబుతూ చెబుతూ వచ్చేసరికి, సురేంద్ర ఆయన పక్కకు వచ్చి నిలబడతాడు. తల తిరుగుతోందంటాడు. తీసెయ్ మామా అంటాడు. అక్కడ కుప్పమ్మ చెయ్యి ఎత్తుతుంది.

“సాలు.”

ఆ తర్వాతిది ఆమె చెప్పనివ్వదు. లేచి ఆవు దగ్గరికి పోతుంది. గంగప్ప ఆనాటి తన జవాబును నోట్లోనే పెట్టుకుని మదనపల్లె బస్సెక్కుతాడు.