చీర చాటున ఆరని బట్టలు

మొన్న ఆదివారం మిరపకాయలు ఎండబోయడానికి మేడ మీదికి వెళ్తే, మనవరాలు ఉతికిన బట్టలు ఆరేస్తూ కనబడింది. చున్నీలతో పాటు లోదుస్తులు కూడా, ఏ చాటూ లేకుండా, ఎండ నేరుగా తగిలేచోట క్లిప్పులు పెట్టి మరీ వేసింది. ఎదురింటాయన వాళ్ల మేడ మీద పేపరు చదువుతున్నాడు. నా చెయ్యి దానంతటదే ఒక చున్నీ లాగి వాటి మీద కప్పబోయింది, అంతలో నాకే నవ్వొచ్చి ఆగిపోయాను. ఆ కాస్త ఎండ కోసం నేను పడ్డ తిప్పలు ఆ పిల్లకేం తెలుసు!

నా ఈడు ఆడవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. పెళ్లయి నారాయణఖేడ్ వచ్చిన రెండేళ్లకు కంగ్టి దగ్గర పల్లెలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా రెండు ఇళ్లలోనూ జీతం తెచ్చిన మొదటి ఆడదాన్ని నేనే కాబట్టి గర్వంతో నేల మీద నడిచేదాన్ని కాదు. ఆ ఏడే తెల్లబట్ట మొదలైంది. అందరికీ అయ్యేదే అనుకున్నాను గానీ, ఇది విరిగిన పాలలా గడ్డలుగా, దురదతో, మంటతో వచ్చేది. మందుల దుకాణంలో మా చెల్లెలికని అబద్ధమాడి తెచ్చుకున్న బిళ్లలతో రెండు రోజుల్లో తగ్గేది, తగ్గగానే మానేసేదాన్ని, నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది. ఎక్కాలు చెప్తూ చెప్తూ బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగించిన రోజులు ఎన్నో. మా ఆయన దగ్గరికొస్తే ఏదో పని చెప్పి తప్పించుకునేదాన్ని, ఆయనేమో ఉద్యోగం రాగానే దీనికి కళ్లు నెత్తికెక్కాయనుకున్నాడు.

మా అత్తమ్మది ఒకటే మాట, వేడి చేసిందని. మామిడిపండు మానిపించింది, గుడ్డు మానిపించింది, సబ్జా గింజలు నానబెట్టి తాగించింది. నేను నా తెలివి కొద్దీ పటిక నీళ్లతో రోజుకు మూడుసార్లు లోపలిదాకా కడుక్కునేదాన్ని. ఇక లోదుస్తులంటారా, మా ఇంట్లో అవి ఎండ ముఖం ఎరగవు. స్నానాల గది మూల తాడు మీద వాటిని వేసి, పైన తడి లంగా, ఆ పైన తడి చీర కప్పాలి. మగవాళ్ల కంట పడితే ఇంటి పరువేం కావాలి? ముసురు పట్టిందంటే ఆ చెమ్మవే తొడుక్కుని బస్సెక్కేదాన్ని.

చివరికి విసిగిపోయి, ఇంటి పరిస్థితుల వల్ల అని రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకుని బయలుదేరాను. అదే బస్సులో, మేమంతా ఖాలా అని పిలిచే మా పక్కింటావిడ కంగ్టి సంతకు గాజుల పెట్టెతో వెళ్తోంది. పక్కన సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే ఉండడం చూసి, దగ్గరికి లాక్కుని చెవిలో అడిగింది.

"గీ తిప్పల నాకెర్కే బేటీ. ఎన్ని దినాల సంది? దవాఖానకు పోయినవా లేదా?"

అప్పటిదాకా ఎవరూ అడగని మాట అది. ఏడుస్తూ అన్నీ చెప్పేశాను, కాగితం సంగతి కూడా. ఆమె ఆ రోజు సంతే మానుకుంది. తర్వాతి ఊళ్లో ఇద్దరం దిగి, గాజుల పెట్టెతో సహా ఎదురు బస్సెక్కి దవాఖానకు వచ్చాం. డాక్టరమ్మ పరీక్ష చేసింది, షుగరు పరీక్ష కూడా చేయించింది. ఇది వేడీ కాదు, పాపమూ కాదు, ఒక రకం బూజు, మందు సగంలో ఆపితే మళ్లీ వస్తుందంది. పటిక నీళ్ల సంగతి విని తల పట్టుకుంది, లోపల కడగనే కూడదట. బట్టలెక్కడ ఆరేస్తావని ఆమె అడిగితే ఖాలాయే నా బదులు చెప్పింది. చెమ్మవి తొడుక్కోవద్దు, ఎండలో బాగా ఆరేయాలంది డాక్టరమ్మ.

ఆ ఆదివారం వాకిట్లో దండెం మీద, నడి ఎండలో వేశాను. అత్తమ్మ గబగబా తీసేసింది. నేను మళ్లీ వేశాను. మళ్లీ తీయబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఇవి ఎండాలె అత్తమ్మా. లేకుంటే నేను కొలువు ఇడిసిపెట్టాలె."

ఆమె గడప మీద కూలబడింది. నా వైపు చూడకుండానే అంది.

"నాకు గూడ గిట్లనే ఉండె. మీ మామకు సుత చెప్పలే. ముప్పై ఏండ్లు."

మర్నాడు నేను బస్సుకు బయలుదేరేసరికి నా బట్టలు దండెం మీద ఉన్నాయి. వేసింది ఆమే. ఆ వారమే ఆమెను కూడా దవాఖానకు తీసుకెళ్లాను. రాజీనామా కాగితం వెనక మా బడి పిల్లల చేత బొమ్మలు వేయించాను, అదే బడిలో ఇంకా చాలా ఏళ్లు పని చేశాను. ఆ జబ్బు తర్వాత రెండుసార్లు వచ్చింది గానీ, చెల్లెలి పేరు చెప్పకుండా నా పేరే రాయించుకుని మందు పూర్తిగా వాడాను.

పోయినేడు మనవరాలికి ఇదే వస్తే, అన్నం తింటూ తింటూ చెప్పింది, వాళ్ల నాన్నే బండి మీద దవాఖానకు తీసుకెళ్లాడు. విని నాకు కడుపు నిండిపోయింది.

మొన్న సాయంత్రం ఆరిన బట్టలు తేవడానికి నేనే మేడెక్కాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. మెట్లు దిగుతుంటే చూసుకున్నాను, నా కొంగు వాటి మీద కప్పి ఉంది. ఎప్పుడు కప్పానో నాకే తెలియదు. కొంగు తీసేశాను. ముప్పై ఏళ్లంటే ఎన్ని ఎండాకాలాలు! ఇంటి ముందే అంత ఎండ కాస్తుంటే, మా అత్తమ్మ అన్నేళ్లూ తడిబట్టే కట్టుకుంది.