ఆయన విప్పిన ఎర్ర ట్యాగు

మంగళవారం పొద్దుటి షిఫ్టులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. పని దగ్గర ఫోన్ ఎత్తకూడదు. మూడోసారి మోగాక ఎత్తాను. "మావయ్య ఎల్లిపోనాడురా" అంది. 

సూపర్‌వైజర్ని సెలవడిగాను. "సగా మామా హై క్యా?" అన్నాడు. సొంత మేనమామ కాదు, పక్క క్వార్టరు ఆయన అన్నాను. అయితే షిఫ్టు అయ్యాక వెళ్లమన్నాడు. నేను వెళ్లేసరికి దహనం అయిపోయింది. కాంట్రాక్టు కూలీకి దుఃఖం కూడా చుట్టరికం చూసి ఇస్తారు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి, నేను బడిలో తెలుగు చదివినవాణ్ణి కాదు.

మన రిసాలీ కాలనీలో మీలో చాలామంది బండ్ల వైరింగు ఆయన చేతుల మీదుగా వెళ్లిందే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరై, క్వార్టరు ముందు రేకుల షెడ్డు వేసుకున్నాడు. అయిదు నిమిషాల పనికి అరపూట తీసుకుంటాడని మీరే తిట్టేవాళ్లు. పాడె దగ్గర మాత్రం "బంగారంలాంటి మనిషి" అన్నారట. బతికుండగా ఒక్కసారి అనాల్సింది.

అరపూట ఎందుకు పట్టేదో చెబుతాను. ఏ బండి వచ్చినా ముందు బ్యాటరీ తీగ విప్పి, దాని మీద తుండుగుడ్డ కప్పేవాడు. "పది నిమిషాలు సల్లారనీ, మనం టీ తాగుదాం." ఆ టీ కూడా ఫ్లాస్కు మూతలోనే. గ్లాసు ఇస్తే నాకు జరిపేసేవాడు. ఆ టీల దగ్గరే నాకు పని నేర్పాడు. బండిలో వెలిగే హెచ్చరిక లైటు గురించి మళ్లీ మళ్లీ చెప్పిన మాట ఒకటుంది: "లైటు రోగం కాదురా అల్లుడూ, రోగం సెప్పే నోరు. నోరు మూసేస్తే రోగం తగ్గిపోద్దేటి?"

నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారులో ఆ నోరు తెరుచుకుంది. అమ్మను నెలకు రెండుసార్లు రాయపూర్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బస్సులోనైనా కారు వెనక సీట్లోనైనా ఆమెకు వాంతులే. ముందు సీట్లో కూర్చుంటేనే కుదురుగా ఉంటుంది. ఆ ముందు సీటు కోసమే కారు కొన్నాను. మూడో వారానికి ఎయిర్‌బ్యాగు లైటు వెలిగింది.

మావయ్య స్కానరు పెట్టాడు. ముందు సీటు వైపు ఎయిర్‌బ్యాగు తీగలో లోపమని చెప్పింది. సీటు కింద, డాష్‌బోర్డు కింద పసుపుపచ్చ కనెక్టర్లన్నీ తుడిచి, స్కానరు చూపిన లోపం కోడ్ చెరిపాడు. లైటు రెండు రోజులు ఆరింది, మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచాడు. మళ్లీ వచ్చింది. మూడో ఆదివారం డాష్‌బోర్డు మూత విప్పాడు.

లోపల ఎయిర్‌బ్యాగు సంచే లేదు. అది ఉండాల్సిన చోట మడతపెట్టిన గోనెపట్టా ముక్క. తెగిన రెండు తీగల మధ్య బియ్యపు గింజంత రెసిస్టరు. సంచి ఉందని కంప్యూటరును నమ్మించడానికి ఎవడో అతికించాడు. అంటే ఈ బండి ఒకసారి గుద్దుకుంది, సంచి పేలింది, మళ్లీ పెట్టలేదు. ఆ అతుకు పగలడంతో లైటు నిజం చెప్పడం మొదలుపెట్టింది.

కొత్త సంచి నా కూలితో అయ్యే పని కాదు.

"అతుకు మళ్లీ పెట్టెయ్ మావయ్యా. లైటు ఆరిపోద్ది."

"ఆర్పడానికి నేనెందుకురా? నల్ల టేపు అంటించుకో."

"జోకులొద్దు. అమ్మ ఎక్కడ కూకోవాలి?"

"ఎనక."

"కక్కుతాది."

"కక్కనీ. కక్కిన మనిషికి మూతి కడుగుతావు. లెగని మనిషికి ఏటి కడుగుతావురా?"

ఇంట్లోకి వెళ్లి ఒక ఎర్ర అట్ట తెచ్చాడు. ప్లాంటులో మిషను మీద పనిచేసేవాడు ఇంకెవరూ కరెంటు వేయకుండా దాని స్విచ్చుకు కట్టే ట్యాగు. దాని మీద రెండు గళ్లు, కట్టినవారు, విప్పినవారు. కట్టినవాడే విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి మావయ్య విప్పడం మరిచి ఇంటికొచ్చేస్తే, ఒక ట్యాగు కోసం మనిషిని పంపి సైకిలు మీద వెనక్కి పిలిపించారట. ముందు సీటు బెల్టుకు ఆ అట్ట కట్టి, సంతకం పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంకో దుకాణంలో టీ తాగేలోపు అతుకు పెట్టించుకొచ్చాను. లైటు ఆరింది. అమ్మ మాత్రం ఆ సీటు ఎక్కలేదు.

"అన్నయ్య కట్టాడు, అన్నయ్యే ఇప్పాలి. మీ నాన్న బతికున్నన్నాళ్లూ ప్లాంటు నుంచి ఆ అట్టముక్కను నమ్ముకునే ఇంటికొచ్చాడురా."

అప్పుడు వెళ్లి మావయ్యతో అబద్ధం చెప్పాను. కొత్త సంచి వేయించానన్నాను.

పక్క క్వార్టరు నుంచి మా గుమ్మం దాకా వస్తూ ఊపిరందక రెండుసార్లు ఆగాడు. తాళం తిప్పాడు. లైటు వెలిగింది. తనంతట ఆరితే అంతా బాగున్నట్టు. వేళ్ల మీద క్షణాలు లెక్కపెట్టాడు. ఆరింది.

"ఇప్పి సూడమంటావేట్రా?"

"నీ ఇష్టం మావయ్యా."

స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. నా ముఖంలోకి చూసి, దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. "నాకు నేర్పినోడి మాట నమ్మాను. నేను నేర్పినోడి మాట నమ్మనా?" అన్నాడు. బిగుసుకున్న ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. రెండో గడిలో సంతకం చేసి అట్ట నాకిచ్చాడు. "దాసుకో. ఎప్పుడోకప్పుడు నువ్వూ కట్టాలి." అమ్మను పిలిచి తనే తలుపు తెరిచి ఆ సీట్లో కూర్చోబెట్టాడు. "రాణీలాగున్నావే సెల్లీ" అంటే అమ్మ నవ్వింది.

ఆ తర్వాత పదకొండు రోజులకు గుండె ఆగి పోయాడు. నిజం చెప్పడానికి ఆ పదకొండు రోజులూ నాకు గోడకవతలే ఉన్నాడు.

దహనం మర్నాడు నేనే డాష్‌బోర్డు విప్పాను. ముందు బ్యాటరీ తీగ తీసి, తుండు కప్పి, పది నిమిషాలు కూర్చున్నాను. టీ లేదు. రెసిస్టరు కత్తిరించి పారేశాను. సంచి కొనే దారి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అమ్మకు అంతా చెప్పాను. తిట్టలేదు. లేచి వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

నిన్న రాయపూర్ వెళ్లొచ్చాం. దారిలో రెండుచోట్ల ఆపి అమ్మ మూతి కడిగాను. డాష్‌బోర్డులో లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంది. ముందు సీటు ఖాళీ. బెల్టుకు ఆ అట్టే కట్టాను. లారీలు దాటినప్పుడల్లా గాలికి తిరగబడుతోంది. దాని మీద నా సంతకానికి చోటు లేదు. కట్టినవారు అన్నచోటా ఆయన పేరే, విప్పినవారు అన్నచోటా ఆయన పేరే.