ఓదెలు కాక స్విచ్ ఆపనివ్వలేదు

2008 ఎండాకాలం. గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో నాదొక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. మా ఊరి కంప్యూటర్లకు మొదటి రోగం బొగ్గు దుమ్ము. ఏ ఇంట్లో సీపీయూ డబ్బా విప్పినా లోపల నల్లటి పొర పేరుకుని ఉండేది. బ్రష్షుతో దులిపి, బ్లోయరుతో ఊది మూత పెడితే సగం కేసులు అక్కడికే తేలిపోయేవి. మిగతా సగానికి నా దగ్గర ఒకే మంత్రం: ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. నాకసలే ఓపిక తక్కువ. ఫోనులో ఎవరేం చెప్పబోయినా సగంలోనే అందుకుని "బంద్ జేసి మళ్ల చాలు జెయ్యిన్రి" అనేవాణ్ని. ఆ మంత్రం మీద నాకు నమ్మకం పోయిన రోజు గురించి చెబుతాను.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే కవిత షాపులోకి పరుగెత్తుకొచ్చింది. డిగ్రీ చదివే పిల్ల. బొగ్గు కంపెనీ క్వార్టర్లలో ఉండే ఓదెలు కాక కూతురు. వాళ్లింట్లో కంప్యూటర్ పెట్టింది నేనే.

"అన్నా, జల్ది రావాలె. స్క్రీన్ కింది పట్టీ మీద బొమ్మలన్ని మాయమైనయి."

"గంతేనా? బంద్ జేసి..."

"బంద్ జెయ్యనిస్తలేడన్నా బాపు! నిన్నటి సంది దాని ముందట్నే కూసున్నడు. రేపు పొద్దుగాల హైదరాబాదుల అమ్మకు గొంతు ఆపరేషను. మామ తోల్కపోయిండు. బాపు సాయంత్రం రైలుకన్న పోకపోతే అమ్మ మాట ఇగ ఎన్నడు ఇనడు." ఆ మాటతో ఏడుపందుకుంది.

దారిలో మిగతాది చెప్పింది. వాళ్లమ్మను కాలనీ అంతా రాజక్క అంటారు. బతుకమ్మ ఆటలో ఆమె పాట ఎత్తుకుంటే పక్క లైన్ల క్వార్టర్ల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి చేరేవారు. గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని, ఇక మాట రాదని డాక్టర్లు చెప్పారు. అందుకని ప్రయాణానికి ముందు కవిత కంప్యూటర్‌కు మైకు పెట్టి అమ్మ పాటలన్నీ రికార్డు చేసింది. పని అయిపోగానే ఆ రికార్డింగు విండోను, అదే తెర మీది కిటికీని, కింది పట్టీలోకి దించింది. అంతలోనే పట్టీ మాయమైంది.

ఆ పట్టీని టాస్క్‌బార్ అంటారు. మనం తెరిచిన ప్రోగ్రాములన్నీ దాని మీద చిన్న బొమ్మలై వరుసగా నిలబడతాయి. నేను వెళ్లేసరికి పట్టీ లేదు, బొమ్మల్లేవు, వెనక వాల్‌పేపరు ఒక్కటే ఉంది. సీపీయూ మూత తీసి ఉంది. దానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను, పైన సీలింగ్ ఫ్యాను, రెండూ ఫుల్లు స్పీడు. కుర్చీలో ఓదెలు కాక. గడ్డం మాసిపోయి, కళ్లు ఎర్రబడి ఉన్నాడు.

"సేవ్ జేసినవా?" అని కవితను అడిగాను.

"కొట్టిననే అనుకుంటున్న అన్నా."

"ఇంకేంది ఫికరు?" అంటూ సీపీయూ బటన్ మీద వేలు పెట్టబోయాను. కాక నా మణికట్టు పట్టుకున్నాడు. అబ్బ, అది పట్టు కాదు, పట్టకారు!

"నేనేం పని జేస్తనో ఎరుకేనా నీకు?"

"ఎరుకే కాక. ఫ్యాను హౌసుల."

భూగర్భ గనికి ఊపిరి ఆ ఫ్యానే. లోపలి చెడు గాలినీ గ్యాసునూ బయటికి లాగేస్తుంది. అది ఆగితే కింద ఉన్న మనుషుల ప్రాణాలకే ముప్పు. కాక ఉద్యోగమంతా ఆ ఫ్యాను దగ్గరే గడిచింది.

"ఫ్యాను బంద్ జేసే ముందల మేం ఒక్కటే మాట అడుగుతం. లోపల ఎవలన్న ఉన్నరా అని. ఉన్నరంటే దేవుడు దిగొచ్చినా బంద్ జెయ్యం. రాజి గొంతు గీ డబ్బల ఉన్నది. నువ్వెట్ల బంద్ జేస్తవ్?"

"కాక, గిది బొగ్గుబాయి గాదు, కంప్యూటరు."

"లోపల ఎవలు లేరని నువ్వు జెప్పు మరి. ఒట్టేసి జెప్పు."

ఒట్టు వేయడానికి నాకేం తెలుసు గనక?

సరే అని, ఆపకుండానే పట్టీని లేపే దారి చూశాను. టాస్క్ మేనేజర్ అని ఒకటుంటుంది. లోపల ఏమేం నడుస్తున్నాయో చూపిస్తుంది, ఆగిపోయిన పట్టీని మళ్లీ నడిపిస్తుంది. అది తెరుచుకోలేదు. ఎవరి పెన్‌డ్రైవులోనో వచ్చిన వైరస్ దానికి తాళం వేసింది. ఆ రోజుల్లో ఇంటింటా ఇదే గోస.

అంతలో బయట గాలిదుమారం లేచింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, కరెంటు పోయింది. రెండు ఫ్యాన్లూ ఆగాయి. కరెంటు పోయినప్పుడు కాసేపు బ్యాటరీ మీద నడిపించే యూపీఎస్ కీచు కీచుమని మొదలుపెట్టింది.

"గిది ఎంతసేపు ఆగుతది?" అన్నాడు కాక.

"జరంతసేపే. పాత బ్యాటరీ."

ఆయన అటక మీది అట్టముక్క గుంజి, నేల మీద కూర్చుని సీపీయూకు విసరడం మొదలుపెట్టాడు. దానివల్ల యంత్రానికి ఒరిగేదేమీ లేదు. నేను కీబోర్డు వైపు తిరిగాను.

చివరికి ఆల్ట్, ట్యాబ్ అనే రెండు మీటలు కలిపి నొక్కాను. పట్టీ లేకపోయినా, లోపల తెరిచి ఉన్నవాటి బొమ్మలు స్క్రీన్ మధ్యలో కనిపించాలి. కనిపించాయి. వాటిలో ఒక మైకు బొమ్మ! వేలు వదలగానే రికార్డింగు కిటికీ లేచి నిలబడింది. పైన ఫైలు పేరు ఉండాల్సిన చోట పేరు లేదు. అంటే సేవ్ కాలేదు. నేను బటన్ నొక్కి ఉంటే ఆ గొంతు అక్కడికక్కడే పోయేది.

గబగబా పేరు కొట్టి సేవ్ చేశాను. ఎంతవరకు సేవ్ అయిందో చూపే పచ్చటి గీత మెల్లగా జరుగుతోంది. యూపీఎస్ కీచులు దగ్గరపడ్డాయి. జరగవే తల్లీ అని ఎంత మొక్కుకున్నానో! గీత నిండింది. నిజంగా పడిందో లేదో చూద్దామని మొదటి నుంచి వినిపించాను.

ముందు ఫ్యాను చప్పుడు. తర్వాత బొంగురుపోయిన గొంతుతో రాజక్క: "ఇగో, నిన్నే. గా ఫ్యాను జరంతసేపు బంద్ వెట్టరాదు? చప్పుడు వడ్తది."

ఆ వెంటనే కాక గొంతు: "ఉక్కకు సస్తవ్. నువ్వు పాడు."

ఆమె నవ్వి పాట ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయినా పాట శ్రుతి తప్పలేదు.

కాక విసరడం ఆపాడు. గడ్డం మీదుగా నీళ్లు కారుతున్నాయి. "అందరు బయటికొచ్చిన్రా?"

"వచ్చిన్రు కాక."

"కండ్లార జూసినవా?"

"చూసిన."

అప్పుడు వంగి, తన చేత్తోనే యూపీఎస్ స్విచ్ ఆపేశాడు. నేలకు చెయ్యి ఆనించి లేచి, సంచి చంకన పెట్టుకున్నాడు. "టేషన్‌కు తోల్కపో బిడ్డా."

ఆ దుమారంలోనే బండి మీద రామగుండం స్టేషన్‌కు తీసుకెళ్లాను. ఒక్క పాటన్నా పూర్తిగా విని వెళ్లాల్సిందని దారిలో అన్నాను. "పాటలు యాడికి పోవు. ఇయ్యాల మాట ఇనాలె," అన్నాడు. రైలు దొరికింది.

ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికొచ్చాక ఒకరోజు అడిగాను, ఆ రాత్రి రాజక్క ఏం మాట్లాడిందని. "ఏం మాట్లాడుతది? ఫ్యాను బంద్ వెట్టకపోతివని తెల్లారెదాంక తిట్టింది," అని నవ్వి, మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ ఏడు బతుకమ్మకు ముందు ఆ పాటలను సీడీ చేశాను. వెనక చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఉండేది. దానితో ఫ్యాను మోత తీసేసి, మెప్పు కోసం రాజక్కకు వినిపించాను. మెడకు నూలు గుడ్డ చుట్టుకుని శ్రద్ధగా వింది. తర్వాత చెయ్యి అడ్డంగా ఊపింది. పైన తిరుగుతున్న ఫ్యానును చూపించింది, గుమ్మంలో కూర్చున్న కాకను చూపించింది, తన గుండె మీద చెయ్యి వేసుకుంది. ఫ్యాను మోత ఉన్న సీడీనే ఇచ్చాను.

పండుగ సాయంత్రం క్వార్టర్ల మైదానంలో పెద్ద స్పీకరు పెట్టారు. అందులోంచి రాజక్క గొంతు పాట ఎత్తుకుంది, చుట్టూ ఆడవాళ్లంతా అందుకున్నారు. వాళ్ల మధ్యలో రాజక్క పెదాలు కదుపుతూ, చప్పట్లు కొడుతూ తిరుగుతోంది. పాట కింద సన్నగా ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇన్నేళ్ల పనిలో అంతటి అద్భుతం మళ్లీ చూడలేదు.

ఇప్పటికీ ఏ ఇంటికి రిపేరుకు వెళ్లినా, స్విచ్ మీద చెయ్యి వేసే ముందు అడుగుతాను: "లోపల ఎవలన్న ఉన్నరా?" కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. జవాబు వచ్చేదాకా నా చెయ్యి కదలదు.