స్విమ్మింగ్ పూలు ఓటింగు

మా ఊర్లో పాత మార్కెట్టు పడగొట్టి పెద్ద కాంప్లెక్సు కట్టాలా వద్దా అని ఈ పొద్దు కౌన్సిల్ మీటింగు పెట్టినారు. కింద అంగళ్లు, పైన ఫ్లాట్లు, మిద్దె మీద స్విమ్మింగ్ పూలు. ఆ మార్కెట్లో నాకు టైలరంగడి ఉండాది కాబట్టి నేనూ పోయి వెనక బెంచీలో కూచున్యా.

బెంగళూరు బిల్డరు థర్మాకోలు నమూనా టేబులు మీద పెట్టి, గేటుకాడ లేపాక్షి నందంత ఫౌంటెను కూడా వస్తాదని చెప్పినాడు. చేతులెత్తండని చైర్మన్ అనబోతాంటే, ఒక కౌన్సిలరమ్మ సెల్లు మోగింది. ఆయమ్మ ఫోను విని, "కొళాయి నీళ్లు వదిలినారంట!" అని లేసింది. వారం తర్వాత వచ్చిన నీళ్లు. అందరూ మెట్లు దిగినారు.

"సార్, ఓటింగు?" అన్యాడు బిల్డరు.

"ముందు బిందెలు నిండనీప్పా," అన్యాడు చైర్మన్, చెప్పులేసుకుంటా.

నేనూ ఇంటికి ఉరికినా. డ్రమ్ము నింపుకోని తిరిగొస్తే మీటింగు వాయిదా పడింది. హాల్లో బిల్డరు ఒక్కడే నమూనాలోని నీలం రంగు స్విమ్మింగ్ పూలు ముందర కూచోని, తాగను నీళ్లేమన్నా దొరుకుతాయా అని అటెండర్ని అడుగుతాండాడు.

వచ్చే మీటింగు కూడా నీళ్లొచ్చే దినమే పెట్టమని అర్జీ ఇద్దామనుకుంటాండా. తప్పంటారా?